మాణిక్యాంబగారి మధ్యాహ్నపు నిద్ర

మాణిక్యాంబగారి మధ్యాహ్నపు నిద్ర సంగతి కాకినాడ రామారావుపేటలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. సరిగ్గా ఒంటిగంటా ఇరవైకి ఆవిడ నడుం వాలుస్తుంది. రెండూ నలభైకి లేస్తుంది. ఈలోగా పక్కింట్లో పెళ్ళి మేళం మోగినా, ఎదురుగా బోరింగు వేసినా ఆవిడ కదలదు, మెదలదు. గురక లేదు, పొర్లడం లేదు, కలవరింత అసలే లేదు. "పుణ్యాత్మురాలండీ, పడుకుంటే పసిపిల్లే" అనేవాడు ఎదురింటి రిటైర్డు పోస్టుమాస్టరు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ కోడలు సువర్చలకి నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఎందుకంటే వాళ్ళింట్లో నిజం పసిపిల్ల ఒకతి ఉంది. అది మాత్రం చచ్చినా పడుకునేది కాదు.

దాని పేరు ధరణి. ఇరవై నెలలది. నిద్ర వచ్చే వేళ ఒకటుంటుంది పసిపిల్లలకి. కళ్ళు నులుముకుంటారు, చెవి లాక్కుంటారు, ఒళ్ళో ముఖం దాచుకుంటారు. ఆ పది నిమిషాల్లో పడుకోబెట్టామా సరే సరి. లేదా, వేళ దాటిపోయి ఒంట్లోకి ఎక్కణ్ణించో వెర్రి బలం వచ్చేస్తుంది. ఇక గంతులు, కొరకడాలు, గ్లాసులు విసరడాలు, ఏం కావాలో తనకే తెలియని ఏడుపులు. ధరణి రోజూ ఆ వేళ దాటించేసేది. ఒకనాడు ఊయలలో, ఒకనాడు భుజం మీద, ఒకనాడు స్కూటరు మీద ఊరంతా తిప్పితే తప్ప రెప్ప వాల్చేది కాదు. వాల్చినా పావుగంటే.

పోనీ సువర్చల ఏ బ్యాంకులోనో పనిచేస్తోందా అంటే, అదీ కాదు. ఆవిడ నిద్ర మీద పరిశోధన చేసే ఇంజనీరు. సాగరతీర నిద్రా పరిశోధన కేంద్రంలో తొమ్మిదేళ్ళ సర్వీసు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది ఆవిడ పని.

"మీ ఆఫీసులో నిద్రపుచ్చే మందేదైనా ఉంటే పట్రాకూడదూ?" అనేవాడు ఆమె భర్త కామేశం. అతను పోర్టులో ఓడల రాకపోకలు చూసే ఉద్యోగి, షిఫ్టుల మనిషి.

"దానికి కాదు, ముందు నీకు పోస్తాను" అనేది సువర్చల.

మందు కాదు గానీ, ఆ కేంద్రంలో ఒక బొంత తయారైంది. దాని పుట్టుక చిత్రమైనది. ఒకసారి ఆస్పత్రి వరండాలో బల్ల మీద పడుకున్న ఒక తల్లినీ బిడ్డనీ సువర్చల చాలాసేపు చూసింది. తల్లి ఊపిరి తీస్తే బిడ్డ పొట్ట లేస్తోంది. తల్లి నిట్టూరిస్తే కాసేపటికి బిడ్డ నిట్టూర్చింది. ఆవులింత అంటుకున్నట్టే నిద్ర కూడా అంటుకుంటుందా అని ఆవిడకి అనుమానం వచ్చింది. ఆ అనుమానం వెంట మూడేళ్ళు పడింది. చివరికి తేలిందేమిటంటే, అంటుకుంటుంది. పెద్దవాళ్ళ ఊపిరీ, గుండె చప్పుడూ, ఒంటి చిన్న చిన్న కదలికలూ, ఇవన్నీ పసివాళ్ళ ఒంట్లోకి తాళం వేసినట్టు ఎక్కుతాయి.

అందుకని రెండు బొంతలు. పెద్ద బొంతలో సన్నటి దారాల్లాంటి తీగలు పెద్దవాళ్ళ లయని పట్టుకుంటాయి. చిన్న బొంత ఆ లయని పట్టి మెల్లగా పొంగి, తగ్గి, వెచ్చబడి, పిల్ల వీపుకి చేరవేస్తుంది. ఇరవయ్యొక్క రోజులు ఒకే వేళకి ఇలా పక్కపక్కన పడుకుంటే చిన్న బొంత నేర్చేసుకుంటుంది. ఆపైన పెద్దవాళ్ళు లేకపోయినా ఫరవాలేదు. ముందు పరుపుల్లా చేయించారు గానీ పిల్లలు వాటిని చూస్తేనే గుక్కపట్టారు. అప్పుడు మాణిక్యాంబే తన పాత నేత చీరలు నాలుగు బయటికి తీసి, కూతురికి నేర్పినట్టు కోడలికి టాకా కుట్టు నేర్పి, తీగలు లోపల పెట్టి బొంతలు కుట్టింది. దానికి జతబొంత అని పేరు.

ఇక నిద్ర ఎవరిది పట్టాలి? అక్కడొచ్చింది చిక్కు. కామేశం పడుకుంటే గురక దెబ్బకి చిన్న బొంత నాటుపడవ ఇంజనులా అదిరింది. కేంద్రంలో లెక్కలు చూసే రెహానా కళ్ళు మూసుకుంటే నవ్వొస్తుందంది. డైరెక్టరు పట్టాభిగారికి కుర్చీలో తప్ప నిద్ర పట్టదు. సువర్చలకి సరేసరి, పగటి నిద్ర అన్న మాట ఆవిడ జాతకంలోనే లేదు. చివరికి ఒకరోజు మాణిక్యాంబ "నా మీద చూడకూడదూ? ఎలాగూ నడుం వాలుస్తాను" అంది.

పన్నెండు రోజుల తరవాత, పెద్ద బొంత పట్టిన ఆవిడ లయని తెర మీద గీతగా చూసి రెహానా కుర్చీలోంచి లేచి నిలబడింది. "అక్కా, ఇది చూడండి! స్కేలు పెట్టి గీసినట్టుంది! పన్నెండు రోజులు, రోజూ అదే నిమిషం. ఒక్క కుదుపు లేదు."

"తలకి టోపీ పెట్టి కూడా చూడాలి కదా" అన్నారు పట్టాభిగారు. తీగలున్న ఆ టోపీ ఒక్కటే మెదడు నిద్రపోతోందో లేదో చెప్పగలదు. మిగతావన్నీ ఒంటి మాటలు.

సువర్చల ఒక రోజు ఆ టోపీ సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది కూడా. మాణిక్యాంబ అప్పుడే తలంటుకుని, ముడి వేసుకుని, అందులో రెండు సన్నజాజులు తురుముకుని వాలింది. ఆ ముడి విప్పమని, నెత్తికి జిగురు పూసి ఇరవై నాలుగు తీగలు అంటిస్తానని అత్తగారితో ఎలా చెబుతుంది? పైగా ఎందుకని అడిగితే ఏమంటుంది, మీరు నిజంగా పడుకున్నారో లేదో చూడాలి అత్తయ్యా అంటుందా? పెద్దావిడ కళ్ళు మూసుకుని పడుకుంటే పడుకున్నట్టే. మర్నాడు ఆఫీసులో అదే చెప్పింది. పట్టాభిగారు కూడా తల ఊపారు. "నిజమేలేమ్మా, మా అత్తగారైతే టోపీ నాకే పెట్టేది" అన్నారు.

ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇన్ని యంత్రాలు, ఆ ఒక్క టోపీ దగ్గర మర్యాదగా తప్పుకున్నారు.

పని మాత్రం అద్భుతంగా సాగింది. ఆరో రోజుకి ధరణి ఒంటిగంటా ఇరవైకి తనంత తానే వచ్చి చిన్న బొంత మీద వాలింది. కళ్ళు మూసుకుంది. చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుంది. రెండూ నలభైకి నాన్నమ్మతో పాటు లేచింది. ఇల్లు ఇల్లంతా నిశ్శబ్దం. కామేశం వంటింట్లో నిలబడి, "ఇది మనిల్లేనా?" అని గుసగుసగా అడిగాడు. సువర్చల ఆ రోజు అన్నం కూర్చుని తింది. ఇరవై నెలల్లో అదే మొదటిసారి.

మాణిక్యాంబ లయని అచ్చుగా తీసి పన్నెండు చిన్న బొంతల్లో నింపారు. కేంద్రం ఆవరణలోనే ఉద్యోగుల పిల్లలకి క్రెష్ ఉంది, అక్కడ పరిచారు. రెండు వారాలకల్లా ఆయా నూకరత్నం ఎదురొచ్చి దండం పెట్టింది. "అమ్మా, చల్లగుండాలమ్మా మీరు! పన్నెండుమందీ ఒక్క గంట కొడితే వాలిపోతన్నారు. చీమ చిటుక్కుమంటే వినపడతాంది." ఇంకేముంది, జిల్లాలో నలభై క్రెష్‌లకి, ఆరువందల మంది పిల్లలకి పై సోమవారం నించి జతబొంతలు వెళ్ళాలని పట్టాభిగారు ఉత్తరాలు పంపేశారు.

అంతా బాగానే ఉంది గానీ, ధరణి బాగాలేదు.

ముందు ఎవరికీ పట్టలేదు. ఏడవని పిల్లని ఎవరు పట్టించుకుంటారు? గోడలు పట్టుకుని నడిచేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయి చెంపకి రాసుకునేది. ఒక సాయంత్రం ఫ్రిజ్‌కి చెయ్యి ఆన్చి నిలబడి, నిలబడినట్టే నిద్రపోయి, మొద్దులా కూలింది. నుదురు బొప్పి కట్టింది. నేర్చుకున్న పాతిక మాటల్లో సగం మానేసింది. "బువ్వ" అనడానికి బదులు కంచం వైపు చూసి ఊరుకునేది.

పిల్లల డాక్టరు కళ్ళ కింద వేలితో నొక్కి చూశాడు. "నిద్ర సరిపోతోందామ్మా?"

"రాత్రి ఎప్పటిలాగే సార్. మధ్యాహ్నం మాత్రం గంటా ఇరవై నిమిషాలు. నిమిషం తేడా లేదు" అంది సువర్చల కొంచెం గర్వంగా.

"మరి ఇది నిద్ర లేని పిల్ల ముఖమే! నెలలో అరకిలో తగ్గింది కూడానూ" అన్నాడాయన.

ఆ మాట సువర్చల గుండెలో ముల్లులా దిగింది. దిగిన ముల్లు అక్కడే ఉండి, భయంతో పాటు కుతూహలాన్నీ లేపింది. పరిశోధకులకి ఇదొక జబ్బు; ఇల్లు కాలుతున్నా మంట రంగు ఎందుకు మారిందా అని చూస్తారు. నిద్రపోతున్న పిల్ల నిద్ర లేకుండా ఎలా ఉంటుంది?

శనివారం సెలవు పెట్టింది. ఒంటిగంటా ఇరవై. పెద్ద బొంత మీద మాణిక్యాంబ, చిన్న బొంత మీద ధరణి, పక్కపక్కనే. సువర్చల గోడకి ఆనుకుని, బొంతల గీతలు చూపే ఎలక్ట్రానిక్ పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పలక మీద రెండు గీతలు, ఒకదాని కింద ఒకటి, అన్నదమ్ముల్లా నడుస్తున్నాయి.

రెండు కావస్తుండగా వీధిలో కేక వినిపించింది. "ముంజెలో... లేత ముంజెలో..."

ధరణి రెప్పల కింద గుడ్లు చటుక్కున కిటికీ వైపు తిరిగాయి.

సువర్చల పలక పక్కన పెట్టింది. పిల్ల చెవి దగ్గరికి వంగి, "ధన్నూ, ముంజెకాయ తింటావా?" అంది మెల్లగా.

ధరణి గుటక వేసింది. నోట్లో ఊరిన నీళ్ళు మింగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. కళ్ళు మాత్రం తెరవలేదు. చేతులు పొట్ట మీదే ఉన్నాయి. ముంజెలంటే ప్రాణం పెట్టే పిల్ల! సువర్చల టోపీ తెచ్చి దాని నెత్తికి తొడిగింది. తొడుగుతున్నంతసేపూ పిల్ల కదలలేదు. పలక మీద మూడో గీత మొదలైంది. అది నిద్ర గీత కాదు. కళ్ళు మూసుకుని, హాయిగా, పూర్తి మెలకువతో ఉన్న మనిషి గీత.

"అయ్యో నా తల్లీ" అంది సువర్చల. పంతొమ్మిది రోజులుగా ఇది ఇలా పడుకుని ఉంటోందన్నమాట. ఇరవై నెలల పసిదానికి నటన ఎవరు నేర్పారు?

ఎవరు నేర్పారో చూడడానికి ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నారు. సువర్చల తల తిప్పి అత్తగారిని చూసింది. ప్రశాంతమైన ముఖం, సన్నజాజుల ముడి, లేచి తగ్గే రొమ్ము. నిద్రపోయేవాళ్ళని లేపచ్చు గానీ నిద్ర నటించేవాళ్ళని లేపలేమంటారు. లేపక్కర్లేదు, చూస్తే చాలు అనుకుంది సువర్చల. గొంతు సవరించుకుని, ఎవరితోనో అన్నట్టు, "అరెరే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయే!" అంది.

మాణిక్యాంబ వేలు కూడా కదల్చలేదు. కానీ పలక మీద ఆవిడ గుండె గీత ఒక్కసారి ఎగిరింది. రెండు క్షణాలు అలాగే ఉంది. ముక్కుపుటాలు సన్నగా విచ్చుకున్నాయి. మాడు వాసన లేదని తేలాక కాబోలు, గీత మళ్ళీ తిన్నగా అయింది. ఆ వెనకే కింది గీత, ధరణిది, అచ్చం అలాగే ఎగిరి అలాగే పడింది.

రెండూ నలభైకి మాణిక్యాంబ లేచి, ముఖం కడుక్కుని, కాఫీకి నీళ్ళు పెట్టింది. సువర్చల ఆవిడ వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, మీరు మధ్యాహ్నం నిద్రపోరు కదండీ?"

మాణిక్యాంబ చెయ్యి డికాక్షను గిన్నె మీద ఆగింది.

"నిద్రపోతానని నేనెప్పుడన్నానే అమ్మాయ్? నడుం వాలుస్తానన్నాను. నిద్రని మీరందరూ అనుకున్నారు."

నిజమే. సువర్చల ఎంత వెతుక్కున్నా ఆవిడ నోట నిద్ర అన్న మాట ఒక్కసారైనా విన్నట్టు గుర్తు రాలేదు.

"నేనీ ఇంటికొచ్చేసరికి పధ్నాలుగు మందిమి" అంది మాణిక్యాంబ పొయ్యి వైపే చూస్తూ. "కూర్చుంటే కోడలు పిల్లా అని ఒకరు, నించుంటే ఒదినా అని ఒకరు. ఒకనాడు జొరమొచ్చి కళ్ళు మూసుకుని పడుకున్నాను. నిద్ర కాదు, ఊరికే మూసుకున్నాను. మా అత్తగారొచ్చి చూసి, 'పడుకుందిరా, లేపకండి' అంది. అబ్బ! ఆ మాట వింటే ఎంత హాయిగా ఉందనుకున్నావ్! కళ్ళు తెరిచి ఉంటే ఆడదాన్ని ఎవరైనా పిలుస్తారు. మూసుకుంటే ఎవరూ పిలవరు. అప్పట్నించీ ఆ గంటా ఇరవై నిమిషాలూ నాదే. ముప్ఫయ్యెనిమిదేళ్ళయింది."

"అంతసేపూ ఏం చేస్తారండీ?" సువర్చల గొంతులో కోపం ఉండాల్సింది. కుతూహలమే వచ్చింది.

మాణిక్యాంబ ముఖం పెళ్ళికూతురిలా ఎర్రబడింది. "నవ్వకూడదు మరి. ఒక కథ చెప్పుకుంటాను. పెళ్ళయిన కొత్తల్లో మొదలెట్టాను. అందులో వరలక్ష్మని ఒకతి ఉంటుంది, ఓడ నడుపుతుంది. రోజుకి కాస్త చొప్పున అవుతూనే ఉంది. ముసల్దయింది గానీ ఓడ దిగలేదు. ఇవాళే తుఫానులో పడింది, నువ్వేమో పాలు పొంగాయన్నావ్."

సువర్చల నవ్వబోయి, పక్క గదిలో గోడ పట్టుకుని తూలుతున్న పిల్లని చూసి ఆగిపోయింది. చేతిలోని పలక అత్తగారికి చూపించింది. ఏ గీత ఏమిటో చెప్పింది. బొంత ఒంటిని చదువుతుందే గానీ తలని చదవదని, ఆవిడ అంత నెమ్మదిగా ఊపిరి తీస్తే దాన్నే నిద్ర అనుకుందని, పిల్లకి నిద్రకి బదులు ఆ నిశ్చలతే నేర్పిందని చెప్పింది. క్రెష్‌లో పన్నెండుమంది అలాగే పడుకుని ఉన్నారని చెప్పింది. సోమవారం ఆరువందలమందని చెప్పింది.

మాణిక్యాంబ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "నా దొంగనిద్ర దీనికి పట్టిందంటావా? నా వల్ల చిక్కిపోయిందా ఇది?" ధరణిని ఎత్తుకుని బొప్పి కట్టిన నుదురు మీద పెదవులు ఆన్చింది. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. "వెళ్ళి చెప్పెయ్యి. ఇవాళే చెప్పు. కామేశంతో కూడా చెప్పు. ఇంకా ఆ గంట నాకెందుకూ?"

"మీ వల్ల కాదండీ. టోపీ పెట్టనిది నేను" అంది సువర్చల.

సోమవారం ఉదయమే బొంతలు వ్యానెక్కాలి. ఆదివారాలు కూడా క్రెష్ నడుస్తుంది, ఎందుకంటే కేంద్రంలో యంత్రాలకి సెలవుండదు. ఆ ఆదివారం మధ్యాహ్నం సువర్చల పట్టాభిగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి క్రెష్‌లోకి తీసుకొచ్చింది. పన్నెండు చిన్న బొంతలు. పన్నెండు జతల చేతులు పొట్టల మీద. గది మధ్యలో నూకరత్నం విసనకర్రతో, గుడి కాపలాదారులా కూర్చుని ఉంది.

"చూశారా, ఎంత చక్కగా నిద్ర..." అనబోయారు పట్టాభిగారు.

సువర్చల సంచిలోంచి చాక్లెట్టు తీసి, దాని కాగితాన్ని నెమ్మదిగా విప్పింది. చిటపట చిటపట. గదిలో పన్నెండు జతల రెప్పలు అల్లల్లాడాయి. పన్నెండు గొంతుల్లో గుటకలు పడ్డాయి. ఒక్క కన్ను తెరుచుకోలేదు. ఒక పిల్లాడి కంటి కొసనుంచి నీరు జారి చెవిలోకి వెళ్ళింది, అయినా వాడు లేవలేదు.

నూకరత్నం చేతిలో విసనకర్ర జారిపోయింది. "ఓలమ్మో! మెలకువగా ఉన్నారేటి ఈళ్ళు! ఇన్నాళ్ళూ మెలకువగానే ఉన్నారా?"

పట్టాభిగారు పిల్లల బుల్లి కుర్చీలో కూలబడ్డారు. "అమ్మా, ఉత్తరాలు వెళ్ళిపోయాయి. విశ్రాంతి కూడా మంచిదే కదా? కళ్ళు మూసుకుని పడుకోవడం... దాన్నే మనం..."

"సార్, మా పాప నిలబడి నిద్రపోయి పడిపోయింది. విశ్రాంతి చాలితే ఎందుకు పడుతుంది?" అంది సువర్చల. "ఆవిడెప్పుడూ నిద్రపోతానని అనలేదండీ. అడగాల్సింది మనం. అత్తగారని నేను అడగలేదు, పెద్దావిడని మీరు అడగలేదు. తప్పు నా పేరు మీద రాయండి. వ్యాను మాత్రం కదలకూడదు."

పట్టాభిగారు తల పట్టుకుని కూర్చున్నారు. తరవాత జేబులోంచి ఫోను తీసి, వ్యాను వాడికి తనే ఫోను చేశారు.

పన్నెండు బొంతలూ చుట్టేశారు. ఇక నేర్పినదాన్ని మరిపించాలి. మరిపించడానికి ఒకటే దారి, అదే వేళకి, అదే చోట, నిజంగా నిద్రపోయే మనిషి పక్కన పడుకోవాలి, మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు, ఈసారి టోపీతో. క్రెష్‌లో ఆ భారం నూకరత్నం మీదా ఇంకో ఆయా మీదా పడింది. డ్యూటీలో నిద్రపోతే ఉద్యోగం పోతుందని మొదట ఏడ్చారు. 'మధ్యాహ్నం నిద్రపోవడం వారి విధుల్లో భాగం' అని పట్టాభిగారు సంతకం పెట్టి కాగితం ఇచ్చాక, ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. మొదటి రోజే ఇద్దరూ గుర్రు పెట్టారు.

ఇంట్లో ఎవరు? మాణిక్యాంబ నిజంగా నిద్రపోవాలని మూడు రోజులు ప్రయత్నించింది పాపం. ముప్ఫయ్యెనిమిదేళ్ళ అలవాటు ఒంట్లోంచి ఎక్కడికి పోతుంది? కళ్ళు మూయగానే వరలక్ష్మి ఓడ కదిలేది. "నావల్ల కాదే. నువ్వే పడుకో" అంది కోడలితో.

సువర్చల సెలవు పెట్టి, టోపీ పెట్టుకుని, పెద్ద బొంత మీద పడుకుంది. నిద్ర గురించి తొమ్మిదేళ్ళు చదివిన మనిషి! పక్కనే ధరణి చేతులు పొట్ట మీద పెట్టుకుని, ఆ పాడు నిశ్చలతతో, పూర్తి మెలకువగా ఉంది. కాలింగ్ బెల్లు మోగింది, లేచింది. గ్యాసు సిలిండరు వచ్చింది, లేచింది. కుక్కరు మూత పెట్టానా అనుకుని లేచింది. ఏదీ లేనప్పుడు, ఏదైనా ఉందేమోనని లేచింది. సాయంత్రానికి ధరణి ఇంకా వాడిపోయింది. ఇక పుట్టిన దగ్గర్నించీ తనెప్పుడూ నిద్రపోలేదేమో, నిద్రని కేవలం కొలిచిందేమో అనిపించి సువర్చల వంటింట్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ఒంటిగంటా పదికి మాణిక్యాంబ హాల్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి గది గుమ్మానికి అడ్డంగా వేసింది. కోడలి ఫోను తీసుకుని తన బొడ్లో దోపుకుంది.

"ఏంటండీ అత్తయ్యా ఇది?"

"నువ్వు పడుకో. బెల్లు మోగితే నేను చూస్తాను. పొయ్యి నేను చూస్తాను. ఆకాశం ఊడిపడితే అదీ నేనే చూస్తాను. నిన్ను పిలవాలంటే నన్ను దాటి రావాలి."

"మరి మీ గంట?"

"కళ్ళు తెరుచుకుని కూడా వస్తుందేమో చూస్తాను. ముందు నువ్వు ముయ్యి."

సువర్చల కళ్ళు మూసుకుంది. బెల్లు మోగింది. కుర్చీ కిర్రుమంది. ఎవరితోనో అత్తగారు గుసగుసగా, "పడుకుంది బాబూ, లేపకండి" అంటోంది. ఆ మాట చెవిన పడగానే సువర్చల ఒంట్లో ఏళ్ళ తరబడి బిగుసుకున్నదేదో సడలింది. ఆ తరవాత ఆవిడకేమీ తెలియదు.

లేచి పలక చూసింది. రెండు గీతలూ ఘోరంగా ఉన్నాయి. ఎక్కడ చూసినా గుట్టలూ గోతులే. నడుమ ధరణి రెండుసార్లు పొర్లింది, ఒకసారి తల్లి ముక్కు మీద తన్నింది, బొంతంతా చొంగ కార్చింది. మూడో గీత, తల గీత, పలక అడుగుకంటా దిగి నలభై నిమిషాలు అక్కడే ఉంది. నిద్ర, అచ్చమైన నిద్ర. సువర్చల పలకని గుండెకి హత్తుకుంది. మాణిక్యాంబ కుర్చీలోంచే, "ఏమైందే? ఏమైందో చెప్పవే!" అని కంగారుపడుతోంది.

"నిద్రపోయిందండీ అత్తయ్యా! ఎంత అసహ్యంగా నిద్రపోయిందో చూడండి!"

రెండు వారాలకి ధరణి బుగ్గలు తేరాయి. పోయిన మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, వస్తూ వస్తూ "వద్దు" అనే కొత్త మాటని కూడా వెంటేసుకొచ్చాయి. క్రెష్‌లో ఒకడు లేచి ఇంకొకణ్ణి కొరికాడని నూకరత్నం సంబరంగా ఫోను చేసింది.

పద్ధెనిమిదో రోజు ఉదయం రెహానా ఫోను చేసింది. "అక్కా, మీ ఇంటి గీతల్లో ఓ చిన్న సంగతి. చివరి ఎనిమిది నిమిషాలు ఇద్దరిదీ నిద్ర కాదు. ఇద్దరూ మెలకువ, ఇద్దరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. వారం నించీ రోజూ ఉంది. మీనుంచే పాపకి వెళ్తోంది. బొంత నేర్చేసుకోకముందే తీసెయ్యనా?"

ఆ ఎనిమిది నిమిషాలూ సువర్చలకి తెలుసు.

"పాప నిద్ర ఎంతసేపు పోతోంది?"

"గంటా పది. సరిపోయేదానికంటే ఎక్కువే."

"అయితే ఉంచెయ్యి" అంది సువర్చల.

ఆ మధ్యాహ్నం కామేశం షిఫ్టు ముగించుకుని తొందరగా వచ్చాడు. "సువర్చలా! ఏమోయ్! నా బండి తాళాలెక్కడ పెట్టావ్?" హాల్లోంచి కేక వినిపించింది. ఫ్రిజ్ పైన ఊరగాయ జాడీ పక్కన ఉన్నాయి. సువర్చలకి తెలుసు. ఆవిడ కళ్ళు తెరవలేదు. పక్కన ధరణి నాన్న గొంతు విని గుటక వేసింది. అదీ తెరవలేదు.

అడుగులు గది దాకా వచ్చాయి. గుమ్మంలో కుర్చీ కిర్రుమంది.

"ఎందుకురా ఆ అరుపులు?" అంది మాణిక్యాంబ, కోడలి ముఖాన్నీ మనవరాలి ముఖాన్నీ ఒకసారి బాగా చూసి. "ఇద్దరూ గాఢ నిద్రలో ఉన్నారు. తాళాలు నువ్వే వెతుక్కో."